కప్పులో నమర్చిన దీపమును మార్చుట

పూర్వము మన యిండ్లలో దీపము స్త్రీల చేతి వస్తువు. ప్రొద్దు గ్రుంకకముందే లాంతరు చిమ్నీని మెత్తని బూడిదతో తోమి, పొడిగుడ్డతో తుడిచి, వత్తిని సమముగా కత్తిరించి, కిరసనాయిలు పోసి సిద్ధము చేయుట గృహిణి నిత్యకృత్యములలో నొకటి. మండుచున్న దీపములో నూనె పోయరాదనియు, కాలిన చిమ్నీపై తడిచేయి వేసిన పగులుననియు, పసిబిడ్డల కందునట్లు దీపము నుంచరాదనియు ఆడపిల్లలు తల్లుల వెంట తిరుగుచునే నేర్చికొనెడివారు. ఆ దీపమువలన ప్రమాదము లేకపోలేదు. కాని యది యెట్టి ప్రమాదమో యింటివారందఱకును తెలిసియుండెడిది.

నేడు దీపము మన చేతినుండి కప్పులోనికి పోయినది. కాంక్రీటు కప్పునకు దిగువ జిప్సము పలకలతో రెండవ కప్పు వేయించి, దానికి గుండ్రని రంధ్రములు చేయించి, వానిలో దీపముల నిముడ్చుట పట్టణములందేగాక గ్రామములందును వ్యాపించినది. దీనినే ఫాల్సు సీలింగు అనుచున్నారు. చూచుటకది వేడుకగనే యుండును. కాని దీప మాఱిపోయిన దినమున చిక్కు కలుగును. హోల్డరు కనబడదు, తీగలు కనబడవు, చేతి కందదు.

అట్టి సమయమున కొందఱు ఎలెక్ట్రీషియను వచ్చునంతవఱకు వారములకొలది చీకటితోనే కాలము గడుపుదురు. ఆ చీకటి నడవలో వృద్ధురాలైన అత్తగారు తడబడి పడినచో తుంటియెముక విఱుగవచ్చును. మఱికొందఱు ప్లాస్టికు కుర్చీ నొకదానిని లాగి, స్విచ్చి ఆపితిమిగదా యని పైకెక్కి చేయి పెట్టుదురు. మొదటిది అనవసరమైన భయము. రెండవది అంతకంటె చెడ్డదగు ధైర్యము. ఈ రెంటికిని మందొక్కటే. దీపమును మార్చుటలోని ప్రమాద మెచ్చట నున్నదో తెలిసికొని, ఆ ప్రమాదమును ముందుగా తొలగించి, పిమ్మట పనికి పూనుకొనుట.

స్విచ్చి ఆపిన చాలదు

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టుల బలము గలది. దీపమునకు ముఖ్యముగా రెండు తీగలు పోవుచుండును. ఒకటి విద్యుత్తును తెచ్చు ఫేజు తీగ. రెండవది దానిని మరలించుకొని పోవు న్యూట్రలు తీగ. గోడమీది స్విచ్చి సామాన్యముగా నీ రెంటిలో నొకదానినే తెంచును. అది ఫేజు తీగనే తెంచవలెనని నియమము. అయినను తీగలు వేసినవాడు తాఱుమాఱు చేసి న్యూట్రలునకు స్విచ్చి వేసినచో, స్విచ్చి ఆపగనే దీప మాఱును గాని హోల్డరులో 230 వోల్టుల విద్యుత్తు అట్లే నిలిచియుండును. క్రిందనుండి చూచువారికి రెండును ఒక్కతీరుగనే కనబడును.

మెట్లకడ క్రింద నొకటి, పైన నొకటి స్విచ్చులుండు దీపముల విషయము మఱింత చిక్కైనది. స్విచ్చి పైకున్నదో క్రిందికున్నదో చూచి యచ్చట దీప మాగినదో లేదో చెప్పుట కూడ సాధ్యము కాదు. ఇవన్నియు సరిగా నున్నను, మీరు పైనుండగా పిల్లలలో నెవరైన చీకటిగా నున్నదని స్విచ్చి వేయవచ్చునుగదా!

"చిన్న బల్బు, తొమ్మిది వాట్లది, అదేమి చేయును?" అని కొందఱందురు. లెక్క చూడుడు. తొమ్మిది వాట్ల బల్బు 230 వోల్టుల వద్ద గైకొను విద్యుత్ప్రవాహము సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. దాదాపు 10 మిల్లీ ఆంపియర్లు దేహముగుండ పోయినప్పుడే చేతి కండరములు బిగుసుకొని, పట్టిన తీగను విడువలేని స్థితి యేర్పడవచ్చును. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొంతసేపు ప్రవహించిన శ్వాసకును గుండెకును అపాయము. అనగా చిన్న బల్బును వెలిగించు ప్రవాహమే మనుష్యుని చంపుటకు చాలియున్నది. పైగా తీగను తాకినప్పుడు దేహముగుండ నెంత ప్రవాహము పోవలెనో నిర్ణయించునది బల్బు కాదు. తడిగా నున్నదో పొడిగా నున్నదో మన చర్మమును, మనము నిలిచిన చోటును.

కావున మొదటి సూత్ర మిది: స్విచ్చి ఆపుటతో తృప్తిపడక, మీటరు సమీపమున నుండు పెట్టెలో నా గదికి సంబంధించిన ఎం.సి.బి.ని దించవలెను. ఏది యే గదిదో తెలియనిచో మెయినునే దించవలెను. దించినపిదప పెట్టె తలుపు మూసి, "పని జరుగుచున్నది, ముట్టరాదు" అని కాగితముపై వ్రాసి యంటించుడు. ఇంటిలో నున్నవారందఱకును నోటితో కూడ చెప్పుడు.

ఇన్వర్టరు సంగతి మఱవరాదు

మన తెలుగు నాట వేసవిలో కరెంటు పోవుట కలవాటుపడిన కుటుంబము లనేకము ఇన్వర్టరును పెట్టుకొనియున్నవి. దీని గుణమును గృహిణులు చక్కగా గుర్తింపవలయును. మెయిను దించగానే యది, కరెంటు పోయినదని తలంచి, తన బ్యాటరీనుండి దీపములకును పంకాలకును విద్యుత్తు నీయ నారంభించును. ఆ విద్యుత్తు కూడ 230 వోల్టులదే; దాని దెబ్బయు నట్టిదే. కాబట్టి మెయిను దించి నిశ్చింతగా చేయి పెట్టువారు ఇన్వర్టరు గల యింట గొప్ప యపాయములో నున్నట్లే. మెయినుతోపాటు ఇన్వర్టరును కూడ దాని స్విచ్చితో నాపవలెను. ఆపినపిదప ఆ వరుస దీపము లన్నిటి స్విచ్చులును ఒకసారి వేసి చూచి, ఏ దీపమును వెలుగుటలేదని రూఢి చేసికొనుడు.

ఇట్లే కరెంటు పోయిన సమయమే దీపము మార్చుటకు మంచి యదనని భావింపరాదు. పోయిన కరెంటు చెప్పి రాదు.

టెస్టరు అను చిన్న స్క్రూడ్రైవరు ప్రతి యింటను ఉండదగినది. విద్యుత్తు గల చోట తాకించి, వెనుకనున్న లోహపు టోపీపై వ్రేలుంచిన లోపలి చిన్న దీపము ఎఱ్ఱగా వెలుగును. దాని మాట నమ్ముటకు ముందు దానినే పరీక్షింపవలెను. మెయిను దించకపూర్వము విద్యుత్తు గల ప్లగ్గులో తాకించి యది వెలుగుచున్నదని చూచుకొనుడు; పని ముగిసి మెయిను వేసినపిదప మరల నట్లే చూడుడు. ఇంకొక విశేషము గలదు. టెస్టరు మన దేహముగుండ నేలకు పోవు అత్యల్ప ప్రవాహముతో వెలుగును. పొడి కఱ్ఱపీటమీద నిలిచినప్పుడును, పట్టపగటి వెలుతురులోను దాని వెలుగు కనబడకపోవచ్చును. అందుచేత టెస్టరు వెలుగకపోవుట యొక్కటే నిదర్శనము కాదు. మెయినును ఇన్వర్టరును ఆపుటయే అసలు రక్ష.

ఎక్కుటకు ముందు

ఈ పనిలో విద్యుత్తు ఎంత ప్రమాదమో, క్రింద పడుటయు నంత ప్రమాదము. స్వల్పమైన దెబ్బ తగిలి యులికిపడినను, కప్పులోనుండి బల్లి యొకటి చేతిమీద పడినను, మనిషి పీటతోసహా తలక్రిందగును. కావున:

ప్లాస్టికు కుర్చీ, మంచముమీద స్టూలు, పీటమీద పీట, ఇవేవియు పనికిరావు. నాలుగు కాళ్ళును సమముగా నేలనానిన మడత నిచ్చెన శ్రేష్ఠము. దాని పైమెట్టుమీద నిలువరాదు. దీపమునకు సరిగా క్రిందనే నిచ్చెన నుంచుడు; ప్రక్కకు వంగి చేయి చాచుటవలన నిచ్చెన ఒరుగును. నేల తడిగా నున్నచో ఆఱనిండు. నిచ్చెనను పట్టుకొనుటకు పెద్దవారొకరుండవలెను, పసివారు కాదు.

పంకా తిరుగుచుండగా నిచ్చెన యెక్కరాదు. ఆపిన పంకా పూర్తిగ నిలుచువఱకు వేచియుండుడు.

పైటకొంగును నడుమున గట్టిగా దోపుకొని, కుచ్చెళ్ళను కాలి కడ్డుపడకుండ ఎత్తి దోపుకొనవలెను. తలంటి పోసికొని జుట్టారకముందును, అంట్లు తోమి చేయి తడిగా నున్నప్పుడును ఈ పని తలపెట్టరాదు. ఉంగరములు, లోహపు గాజులు తీసియుంచుట మేలు. తీయనివి పైకి తోసి గుడ్డతో చుట్టుకొనవచ్చును. మెడలోని గొలుసులు వ్రేలాడకుండ రవికెలోనికి చేర్చుకొనుడు. కప్పులోని దుమ్ము కన్నులలో పడకుండ కండ్లద్దములుండిన మంచిది.

దీపము లాపిన పిదప వెలుతురు కావలయును గావున పగటిపూటనే చేయుడు. వెలుతురు చాలనిచో క్రింద నున్నవారు చేతిదీపముతో చూపవలెను. అంతవఱకు వెలుగుచుండిన దీపమును వెంటనే ముట్టరాదు. హాలొజెను బల్బు మిక్కిలి వేడెక్కును, అరగంటయైన చల్లారనీయవలెను. ఎల్.ఇ.డి. దీపము పావుగంటలో చల్లారును.

ఏ తెగ దీపమో గుర్తింపుడు

కప్పులో నమర్చిన దీపము లన్నియు ఒక్కటి కావు. తీయు విధము తెగనుబట్టి మాఱును.

బయోనెటు బల్బు: మన దేశమున నెక్కువ వాడుకలో నున్న బల్బునకు మెడ కిరుప్రక్కల రెండు చిన్న మేకులుండును. దీనిని కొంచెము పైకి నొక్కి, ఎడమవైపునకు త్రిప్పి, క్రిందికి దించవలెను. 2015వ సంవత్సరము జనవరి 5వ తేదీన ఆరంభమైన ఉజాల పథకమునుబట్టి దేశమున 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు గృహములకు చేరినవి. మన యిండ్లలో తఱచుగా కనబడు 9 వాట్ల బల్బులు ఈ తెగవే. ఇట్టి బల్బును మూతగల యిఱుకు గిన్నెలో నమర్చినచో వేడిమి పోవుదారి లేక త్వరగా చెడును. తఱచుగా దీపము పోవుచున్నచో కారణ మిదియే కావచ్చును.

మరబల్బు: దీని మెడకు స్క్రూవలె మరలుండును. క్రిందినుండి చూచునప్పుడు గడియారపు ముల్లునకు వ్యతిరేక దిశగా త్రిప్పిన ఊడివచ్చును.

రెండు కాళ్ళ బల్బు: ఇవి రెండంగుళముల వ్యాసముతో గిన్నెవలె నుండును. వీనిలో రెండు రకములు. ఒకదాని కాళ్ళు పొట్టిగను, చివర బొత్తామువలె లావుగను ఉండును. ఇవి నేరుగా 230 వోల్టులతో వెలుగునవి. కొంచెము పైకి నొక్కి, గడియారపు ముల్లునకు వ్యతిరేకముగా స్వల్పముగ త్రిప్పి దించవలెను. రెండవదాని కాళ్ళు సూదులవలె సన్నగా నుండును. సామాన్యముగా 12 వోల్టులతో వెలుగును. దీనిని త్రిప్పరాదు; తిన్నగా క్రిందికి లాగవలెను. పండ్రెండు వోల్టులేగదా యని నిర్లక్ష్యము తగదు. కప్పుపైన దాగియున్న ట్రాన్సుఫార్మరునకు రెండవవైపున 230 వోల్టు లున్నవి. ఈ బల్బులను పట్టియుంచుటకు ముందు భాగమున నొక తీగ యుంగరముండును. దాని కొనలు రెంటిని దగ్గఱకు నొక్కిన ఊడివచ్చును. అప్పుడు బల్బు జాఱి పడకుండ రెండవచేయి క్రింద నుంచుడు.

లోపలికి అదిమియున్న బల్బు వ్రేళ్ళకు చిక్కనిచో కత్తితో పెకలింపరాదు. వెడల్పైన జిగురు పట్టీని దాని ముఖమున కంటించి, రెండు కొనలను పట్టుకొని త్రిప్పిన సులభముగా వచ్చును. హాలొజెను బల్బు లోపలి చిన్న గాజు గొట్టమును వట్టిచేత ముట్టరాదు. వ్రేలి జిడ్డు అంటినచోట వేడి యెక్కువై గాజు చెడును.

ఎల్.ఇ.డి. పలక: ఇటీవల కట్టిన యిండ్లలో నెక్కువ కనబడునది యిదియే. గుండ్రముగనో చదరముగనో పలుచగా నుండును. దీనిలో బల్బు ప్రత్యేకముగా లేదు. దీపము చెడినచో మొత్తము పలకయే మార్చవలెను. దానికి డ్రైవరు అను చిన్న పెట్టె జతయై కప్పుపైన దాగియుండును. పలక కిరువైపుల నున్న స్ప్రింగు చేతులు జిప్సము పలకను పైనుండి అదుముకొని యుండును. అంచు క్రింద వ్రేళ్ళు దూర్చి మెల్లగా సమముగా దింపవలెను. మొరటుగా లాగిన జిప్సము విఱుగును. స్ప్రింగులు రంధ్రమునుండి వెలువడినతోడనే గట్టిగా క్రిందికి విదిలి వ్రేళ్ళను కొట్టును గావున, వానిని చేతితో పట్టి నిదానముగా విడువుడు.

పలకకును డ్రైవరునకును నడుమ చిన్న ముడి యుండును. దానిని చేతితో నూడదీయవచ్చును. క్రొత్త పలక పాతదానితో రంధ్రపు కొలతయందును, డ్రైవరుపై వ్రాసిన వోల్టులు, మిల్లీ ఆంపియర్లయందును సరిపోవలెను. అందువలన పాతదానిని దుకాణమునకు తీసికొనిపోయి దానితో సరిచూచి కొనుట మంచిది. పలకతో క్రొత్త డ్రైవరును కూడ మార్చవలసివచ్చినచో, మెయిను తీగలను స్క్రూలతో బిగించు పని యుండును. అచ్చట గృహిణి ఆగవలెను. అది ఎలెక్ట్రీషియను పని.

క్రొత్త బల్బు పెట్టుట

పాత బల్బుమీది వాట్లు, వోల్టులు, కాళ్ళ రకము చూచి యట్టిదే తేవలెను. దీపపు గిన్నెపై నిన్ని వాట్లకు మించరాదని వ్రాసియుండును. ఆ మాట దాటరాదు. హాలొజెనునకు బదులు ఎల్.ఇ.డి. పెట్టినప్పుడు దీపము మిణుకు మిణుకుమన్నచో అది బల్బు దోషము కాకపోవచ్చును. పాత ట్రాన్సుఫార్మరు ఎల్.ఇ.డి. గైకొను స్వల్ప ప్రవాహమునకు తగియుండకపోవచ్చును. అట్టి చోట ట్రాన్సుఫార్మరును మార్పింపవలెను.

క్రొత్తదానిని బిగించునప్పుడు బలాత్కారము పనికిరాదు. బిగించి క్రిందికి దిగి, నిచ్చెన తీసివేసి, గోడ స్విచ్చి ఆపియున్నదని చూచుకొని, అప్పుడు మెయినును ఇన్వర్టరును వేసి, చివరకు స్విచ్చి వేయవలెను. నిచ్చెనమీద నుండగనే "వేసి చూడుము" అని కేకవేయుట కూడదు.

చేయి తీసివేయవలసిన సమయములు

కాలిన వాసన, నల్లబడిన హోల్డరు, కరిగిన తీగతొడుగు, ఎలుకలు కొఱికిన తీగ, కప్పులో తేమమరక, ఇందేది కనబడినను దీపమును ముట్టక దిగవలెను. పైయంతస్తు స్నానపుగదినుండి నీరు కాఱి దీపపు గిన్నెలో చేరుట గలదు. అప్పుడు మెయినును ఇన్వర్టరును ఆపియే యుంచి మనిషిని పిలిపింపవలెను. బల్బు మార్చగనే ఎం.సి.బి. మరల పడిపోయినచో పదేపదే దానిని పైకెత్తకుడు. అది యేదో దోషమును దెలుపుచున్నది.

బల్బు పగిలి మెడ లోపలనే నిలిచినచో, విద్యుత్తు పూర్తిగ ఆపినపిదపనే పిడికి తొడుగుగల పటకారుతో త్రిప్పి తీయవలెను. పగిలినది పాత సి.ఎఫ్.ఎల్. అయినచో దానిలో కొన్ని మిల్లీ గ్రాముల పాదరస ముండును. పిల్లలను బయటకు పంపి, కిటికీలు తెఱచి, చీపురుతో ఊడ్వక, గట్టి కాగితముతో ముక్కల నెత్తి, తడిగుడ్డతో తుడిచి, అన్నిటిని మూతగల సీసాలో వేయుడు.

ఆపద వచ్చినచో

ఎవరికైన విద్యుత్తు పట్టుకొన్నచో ఆత్రముతో వారిని ముట్టరాదు. ముట్టినవారిని కూడ అది పట్టును. మొదట మెయినును ఇన్వర్టరును ఆపవలెను. అది సాధ్యము కానిచో పొడి కఱ్ఱతోనో, పొడి చీపురు కఱ్ఱతోనో వారిని తీగనుండి వేఱుచేయవలెను. వెంటనే 108కి ఫోను చేయుడు. శ్వాస లేనిచో వెల్లకిల పరుండబెట్టి, ఱొమ్ము నడుమ రెండు చేతులు ఒకదానిపై నొకటి యుంచి, నిమిషమునకు 100 నుండి 120 సార్లు, రెండంగుళముల లోతు దిగునట్లు గట్టిగా నొక్కుచుండవలెను. సాయము వచ్చువఱకు ఆపరాదు. మనిషి లేచి కూర్చుండి "ఏమియు లేదు" అన్నను వైద్యునకు చూపుట మఱవకుడు. గుండెపై దాని ఫలితము వెంటనే బయటపడకపోవచ్చును.

నేడే చేయదగిన పని

దీప మాఱిపోవువఱకు వేచియుండ నక్కఱలేదు. నేడు తీఱికవేళ నొక కాగితము తీసికొని మీటరు పెట్టెకడకు పొండు. ఎం.సి.బి.లను ఒక్కొక్కటిగా దించి చూచుచు, ఏది వంటయింటిదో, ఏది పడకటింటిదో, ఏ దీపములు ఇన్వర్టరుతో వెలుగునో తెలుగున స్పష్టముగా వ్రాసి తలుపు లోపల నంటింపుడు. ఆ పెట్టెలోనే ఆర్.సి.సి.బి. యున్నచో దానిపై "టి" అను చిన్న బొత్తామును అప్పుడప్పుడు నొక్కి చూడుడు. నొక్కగనే పడిపోయిన నది పనిచేయుచున్నదన్నమాట. గృహములందు సామాన్యముగా వాడునది 30 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము నేలకు పోయినతోడనే విద్యుత్తును తెంచును. అది లేనిచో పెట్టించుకొనుడు. అయినను ఫేజును న్యూట్రలును ఒకేమారు ముట్టినవారిని అది కాపాడజాలదు. కావున అది యున్నదను ధైర్యముతో పై జాగ్రత్తలను విడువరాదు.

ఆ కాగితమును ఇంటిలోని ఆడపిల్లలకును మగపిల్లలకును చూపి, మెయిను దించుటయు ఇన్వర్టరు ఆపుటయు పెద్దపిల్లలచేత నొకసారి చేయింపుడు. ఒకనాడు మీరే పైనుండి పడియున్నను, మీకు విద్యుత్తు పట్టుకొన్నను, పరుగెత్తి మెయిను దించవలసినది ఆ పిల్లలే.